పొగను చూసి సెకన్లు పెట్టుకో

తమ్ముడూ, నీ ప్రశ్నా, దానితో పెట్టిన మూడు ఫొటోలూ నిదానంగా చూశాను. ప్రొద్దుటూరు నుంచి బండేసుకుని ఎర్రగుంట్ల దాకా పోయి, సాయంత్రం పూట సిమెంటు ఫ్యాక్టరీని షట్టర్ ముప్పై సెకన్లు తెరిచి, అంటే ముప్పై సెకన్ల ఎక్స్‌పోజర్‌తో తీస్తున్నావు. ఆకాశం నల్లగా వస్తోంది, లైట్లన్నీ తెల్లటి ముద్దలవుతున్నాయి, పొగ ఉండాల్సిన చోట బూడిద రంగు మరక పడుతోంది, దగ్గరికి లాగి చూస్తే అంతా అలుక్కుపోయినట్టు ఉంది. ఎన్‌డీ ఫిల్టర్ (వెలుగు తగ్గించే నల్లటి అద్దం) కొనాలా, లెన్స్ మార్చాలా అని అడిగావు. రెండూ వద్దు. నీ దగ్గరున్న డీఎస్‌ఎల్‌ఆర్, 18-55 కిట్ లెన్స్ ఈ పనికి చాలు. నువ్వు వెళ్లే టైం మారాలి, ముప్పై సెకన్లు అనే అంకె నీ తలలోంచి పోవాలి. మిగతా విషయాలన్నీ ఈ రెండింటి తర్వాతే.

ముందు టైం సంగతి. నీ ఫొటోల వివరాల్లో ఏడు గంటల పది నిమిషాలని ఉంది, తీసింది నవంబరు మూడో వారంలో. ఆ రోజుల్లో మన కడప వైపు సూర్యుడు ఐదూ నలభైకి అటూ ఇటుగా మునుగుతాడు. అంటే నువ్వు ట్రైపాడ్ విప్పేసరికే గంటన్నర గడిచిపోయింది. ఆకాశం నిజంగానే నల్లగా ఉంది, కెమెరా తప్పేమీ లేదు. చాలామంది డిసెంబరులోనే పొద్దు అన్నిటికంటే ముందు మునుగుతుందని అనుకుంటారు కానీ మన అక్షాంశంలో అది నవంబరు చివర్లోనే జరుగుతుంది, డిసెంబరు మధ్యకి మళ్లీ ఐదూ ముప్పావుకి వస్తుంది, జూన్ చివరికి ఆరూ ముప్పావు. ఈ మూడు అంకెలు గుర్తుంటే మిగతా నెలలకు నువ్వే లెక్కేసుకోవచ్చు.

సూర్యుడు మునిగినప్పటి నుంచి దిగంతానికి ఆరు డిగ్రీలు కిందికి పోయేదాకా ఉండే వెలుగును సివిల్ ట్విలైట్ అంటారు. యూరప్ వాళ్ల వీడియోలు చూస్తే ఈ నీలి వెలుగు చాలాసేపు ఉన్నట్టు, తాపీగా టీ తాగి తీసుకోవచ్చన్నట్టు ఉంటుంది. వాళ్లకు అది నిజమే, అక్కడ సూర్యుడు బాగా ఏటవాలుగా దిగుతాడు. మనం 14, 15 డిగ్రీల అక్షాంశం మీద ఉన్నాం, ఇక్కడ దాదాపు నిట్టనిలువునా పడిపోతాడు. అందుకే మనకు ఆ వెలుగు మొత్తం కలిపి ఇరవై రెండు, ఇరవై మూడు నిమిషాలే. అందులో మొదటి పది నిమిషాలు ఇంకా పగటిలాగే ఉంటాయి. ఈ పనికి అసలైన వెలుగు సూర్యుడు మునిగిన పదిహేనో నిమిషం నుంచి, సివిల్ ట్విలైట్ అయ్యాక కూడా కాస్త మిగిలే నీలంతో కలిపి, ముప్పయ్యో నిమిషం దాకా. పదిహేను నిమిషాలు, అంతే. వాటికోసం నేను గంట ముందే పోయి నిలబడతాను.

ఆ పదిహేను నిమిషాల్లో ఏం జరుగుతుందో అర్థమైతే నీ లైట్లు ఎందుకు ముద్దలవుతున్నాయో కూడా అర్థమవుతుంది. ఫ్యాక్టరీ లైట్లు మారవు. ఆరింటికి ఎంత వెలుతురో, అర్ధరాత్రి కూడా అంతే. ఆకాశం మాత్రం ప్రతి రెండున్నర, మూడు నిమిషాలకు సగానికి సగం తగ్గిపోతూ ఉంటుంది. మొదట్లో ఆకాశం ముందు లైట్లు వెలవెలబోతాయి, చివర్లో లైట్ల ముందు ఆకాశం చచ్చిపోతుంది, మధ్యలో ఒక ఐదారు నిమిషాలు రెండూ సరిసమానంగా ఉంటాయి. ఫొటో అంటే ఆ ఐదారు నిమిషాలే. నువ్వు తీసే ఏడూ పదికి లైట్లకూ ఆకాశానికీ మధ్య తేడా ఎంత పెరిగిపోయిందంటే ఏ కెమెరా రెండింటినీ ఒక్క ఫ్రేములో పట్టలేదు.

నేను చాలా ఏళ్లుగా ఒక చిన్న నోటుబుక్కులో రాసుకుంటున్నాను. మబ్బు లేని రోజు, ఐఎస్‌ఓ 100 (సెన్సర్ వెలుగును ఎంత చురుగ్గా పడుతుందో చెప్పే అంకె), అపర్చర్ (లెన్స్ లోపలి రంధ్రం, అంకె పెరిగే కొద్దీ చిన్నదవుతుంది) ఎఫ్ 8 పెడితే, సూర్యుడు మునిగిన పది నిమిషాలకు షట్టర్ సెకనులో ఎనిమిదో వంతు దగ్గర ఉంటుంది. పదిహేను నిమిషాలకు అర సెకను. ఇరవై నిమిషాలకు రెండు సెకన్లు. ఇరవై ఐదుకు ఎనిమిది. ముప్పైకి ముప్పై సెకన్లు. మబ్బుంటే, దుమ్ముంటే ఒక స్టాప్, అంటే రెట్టింపో సగమో, అటూ ఇటూ అవుతుంది కానీ వరస ఇదే. ఇప్పుడు చూడు, లైట్లూ ఆకాశమూ సమానంగా ఉండే టైంలో షట్టర్ దానంతటదే రెండు నుంచి ఎనిమిది సెకన్ల మధ్య పడుతోంది. ముప్పై సెకన్లు కావలసి వచ్చిందంటే ఆ వెలుగు దాటిపోతోందని అర్థం. లాంగ్ ఎక్స్‌పోజర్ అనగానే ముప్పై అని ఎవరో చెప్పారు, అది అందరికీ పట్టుకుంది.

ఇక రెండోది, నాకు అన్నిటికంటే ఇష్టమైనది, పొగ. నిజానికి మనం పొగ అనేదంతా పొగ కాదు. థర్మల్ ప్లాంట్ల కూలింగ్ టవర్ల మీద తెల్లగా లేచేది నీటి ఆవిరి, కాస్త దూరం పోయాక గాలిలో కలిసి మాయమవుతుంది. సిమెంటు ప్లాంటు చిమ్నీలో ఫిల్టర్లు సరిగ్గా పనిచేస్తుంటే ఎండాకాలం సాయంత్రం కంటికి ఏమీ ఆనకపోవచ్చు కూడా. అదే డిసెంబరు, జనవరిలో గాలి చల్లబడేసరికి ఆవిరి చిక్కబడి పొడుగ్గా సాగుతుంది. అందుకే నేను ఈ ఫొటోలకు చలికాలమే పోతాను.

ఆ ఆవిరి ఎంత వేగంగా కదులుతోందో చూసి షట్టర్ ఎంచుకోవాలి. కెమెరా ముట్టుకోకుండా ముందు ఒక నిమిషం ఊరికే చూడు. చిమ్నీ నోట్లోంచి ఒక పాయ బయటికొచ్చి, చిమ్నీ వెడల్పంత దూరం జరగడానికి ఎంతసేపు పట్టిందో మనసులో ఒకటీ రెండూ అని లెక్కపెట్టు. అంత టైం ఎక్స్‌పోజర్ ఇస్తే పాయలు పాయలుగా, చేత్తో దువ్వినట్టు వస్తుంది, ఉబ్బులూ మడతలూ తెలుస్తాయి. దానికి మూడు నాలుగు రెట్లు ఇస్తే మెత్తగా పత్తిలా అవుతుంది, ఇంకా ఒక దిశ ఉంటుంది. పది రెట్లు దాటిస్తే అది పొగ కాదు, నీ ఫొటోలో ఉన్న మరక. గాలి లేని సాయంత్రం నాలుగు సెకన్లు బాగుంటే, గాలి కొట్టే సాయంత్రం ఒక్క సెకనే ఎక్కువ. ఒకే చోట, ఒకే కెమెరా, ఒకే వెలుగు, అయినా నిన్నటి అంకె ఇవాళ పనికిరాదు.

మరి వెలుగు ఎనిమిది సెకన్లు అడుగుతోంది, పొగ రెండు సెకన్లు అడుగుతోంది, అప్పుడేం చెయ్యాలంటావా? పొగ మాటే విను. ఐఎస్‌ఓ 400కి పెంచు, సరిపోయింది. ఇప్పటి కెమెరాల్లో 400కి ఏమీ పాడవదు. తిరగేసి, వెలుగు ఎక్కువై షట్టర్ అర సెకను దగ్గరే ఆగిపోతుంటే ఎఫ్ 11కి పో, ఎఫ్ 16 దాకా మాత్రం పోవద్దు, అక్కడ డిఫ్రాక్షన్ వల్ల, అంటే మరీ సన్నటి రంధ్రంలో వెలుగు చెదిరి, అంచుల పదును పోతుంది. మూడు స్టాపుల ఎన్‌డీ ఫిల్టర్ ఉపయోగపడేది ఇలాంటి చోటే, షట్టర్‌ను ఎనిమిది రెట్లు పొడిగిస్తుంది. పది స్టాపులది వెయ్యి రెట్లు పొడిగిస్తుంది, అది మిట్టమధ్యాహ్నం పనిముట్టు, మన సాయంత్రానికి దాన్ని తగిలిస్తే నిమిషాలకు నిమిషాలు కూర్చోవాలి.

చిమ్నీ పైన ఎర్ర దీపాలుంటాయి చూడు, విమానాల కోసం పెట్టేవి. కొన్ని చోట్ల అవి వెలిగి ఆరుతుంటాయి. ఒక సెకను ఎక్స్‌పోజర్‌లో ఆరిన క్షణం పడితే చిమ్నీ కొన గుడ్డిగా వస్తుంది. మూడు నాలుగు సార్లు నొక్కు, ఒకదాంట్లో దొరుకుతుంది. ఆ ఎర్ర చుక్క లేకపోతే ఫొటోకి బొట్టు లేనట్టే ఉంటుంది నా కంటికి.

ఎక్కడ నిలబడాలన్నది నువ్వు అడగలేదు కానీ నీ మూడు ఫొటోలూ మెయిన్ రోడ్డు మీంచే, ఒకే మూల నుంచే ఉన్నాయి, అందుకని చెప్తున్నాను. ఫ్యాక్టరీకి తూర్పున నిలబడి పడమరకు చూస్తే వెనక నారింజ వెలుగు, ముందు నల్లటి ఆకారం. ఇది అందరూ తీసేది, సులువు. డిసెంబరులో సూర్యుడు సరిగ్గా పడమరన మునగడు, దాదాపు 24 డిగ్రీలు దక్షిణంగా మునుగుతాడు. జూన్‌లో అంతే ఉత్తరంగా. కాబట్టి చిమ్నీ వెనక వెలుగు రావాలంటే కాలాన్ని బట్టి నువ్వు జరగాలి.

నాకు మాత్రం తిరగేసి నిలబడడం ఇష్టం. ఫ్యాక్టరీకి పడమర పక్కన చేరి తూర్పుకు చూడు. సూర్యుడు మునిగిన కొద్ది నిమిషాలకు తూర్పు దిగంతం మీద ముదురు నీలం పట్టీ ఒకటి లేస్తుంది, దాని పైన లేత గులాబీ పట్టీ. ఆ నీలం ఏదో కాదు, భూమి నీడే, గాలిలో పడింది. ఆ వేళ పడమటి వెలుగు మెత్తగా వచ్చి సున్నపురాయి పొడిని వేడిచేసే ప్రీహీటర్ టవర్ మీద, సిమెంటు నిల్వ ఉంచే సైలోల మీద పడుతుంది, ప్రతి మెట్టూ ప్రతి పైపూ కనిపిస్తుంది, లైట్లు ఒక్కొక్కటే వెలుగుతుంటాయి. పదిహేను నిమిషాల్లో ఆ నీడ పైకెక్కి ఆకాశంలో కలిసిపోతుంది. పౌర్ణమి రోజైతే అదే చోట చందమామ లేస్తుంది. చతుర్దశి రోజు పోతే ఇంకా మేలు, ముప్పావు గంట ముందే లేచి చీకటి పడే వేళకు చిమ్నీల ఎత్తుకు వచ్చి ఉంటుంది. చందమామ ఫ్రేములో ఉంటే మాత్రం సెకను దాటనివ్వకు, పెద్ద లెన్స్‌లో దాని కదలిక తెలిసిపోతుంది.

గాలి దిశ కూడా చూసుకో. వానాకాలం గాలులు పడమర, నైరుతి నుంచి గట్టిగా వీస్తాయి, పొగ తూర్పుకు వంగి చెదిరిపోతుంది. చలికాలం ఈశాన్యం నుంచి మెల్లగా వస్తుంది, పొగ నైరుతికి తిరుగుతుంది. పొగ వంగే వైపు ఫ్రేములో జాగా వదిలిపెట్టు. నీ రెండో ఫొటోలో చిమ్నీని కుడి అంచుకు తోసి, పొగ కూడా కుడికే పోయి కోసేసినట్టుంది.

జర్మనీలో బెర్న్డ్ బెకర్, హిల్లా బెకర్ అని భార్యాభర్తలు, కొన్ని దశాబ్దాలపాటు ఫ్యాక్టరీలు, నీళ్ల ట్యాంకులు, గనుల టవర్లు తీశారు. వాళ్లు కావాలని మబ్బు పట్టిన రోజు, నీడలే లేకుండా, నలుపు తెలుపుల్లో తీసేవాళ్లు, కట్టడం ఆకారమే కనపడాలని. మనం చేసేదానికి పూర్తిగా ఎదురు. అయినా వాళ్ల ఫొటోలు చూడు, ఒక చిమ్నీని నిటారుగా, అంచులు వంగకుండా, సరైన ఎత్తు నుంచి చూడడం ఎలాగో తెలుస్తుంది. నువ్వు రోడ్డు మీద నిలబడి కెమెరాను పైకెత్తుతున్నావు, అందుకే చిమ్నీలన్నీ వెనక్కి పడిపోతున్నట్టు ఉన్నాయి. వెనక్కి జరిగి, కాస్త మిట్ట చూసుకుని, కెమెరాను నేలకు సమంగా పెట్టు.

ఇక మసక. దానికి మూడు కారణాలుండొచ్చు, మూడూ చెప్తాను.

ఒకటి ఫోకస్. చీకట్లో ఆటోఫోకస్ వెతుక్కుంటూ ముందుకీ వెనక్కీ పోతుంది. ఇంకా వెలుగు ఉండగానే లైవ్ వ్యూ పెట్టి, ఫ్యాక్టరీ మీద ఏదో ఒక లైటును తెర మీద పది రెట్లు పెద్దది చేసి, చేత్తో ఫోకస్ తిప్పు. ఆ చుక్క ఎక్కడ అన్నిటికంటే చిన్నదవుతుందో అక్కడ ఆపు. మాన్యువల్‌లోకి మార్చి రింగుకు చిన్న టేపు ముక్క అంటించు. లెన్స్ మీద అనంతం గుర్తు దాకా తిప్పేస్తే చాలనుకోవద్దు, చాలా లెన్సులు ఆ గుర్తు దాటి కూడా తిరుగుతాయి. ఇది నాకు తెలిసేసరికి ఒక పూర్తి చలికాలం ఫొటోలు పోయాయి.

రెండోది ట్రైపాడ్. నీది తేలికది, సరే. మధ్య కడ్డీని అసలు పైకి లేపొద్దు. కాళ్లలో సన్నటి చివరి భాగం కూడా బయటికి తీయకు, కూర్చుని తీయి. సంచీని కింద కొక్కేనికి తగిలించు, గాలికి ఊగకుండా నేలకు కొద్దిగా ఆననివ్వు. రెండు సెకన్ల టైమర్ పెట్టు, వేలితో నొక్కొద్దు. లెన్స్‌లో స్టెబిలైజేషన్ (చెయ్యి వణుకును సరిచేసేది) ఉంటే ఆపేయి. ఇవన్నీ ఎక్కడైనా చెప్తారు. ఎవరూ చెప్పనిది మన నేల గురించి. ఎర్రగుంట్ల, జమ్మలమడుగు పక్క అంతా నల్లరేగడి. వాన పడ్డ వారం దాకా శనగ చేల గట్టు మీద ట్రైపాడ్ పెడితే కాళ్లు నిదానంగా దిగుతూనే ఉంటాయి, కంటికి తెలియదు, ఎనిమిది సెకన్లలో ఒక వెంట్రుకవాసి దిగినా లైట్లన్నీ కిందికి గీతలు పడతాయి. దీనికి మందు మన దగ్గరే ఉంది. ఆ చుట్టుపక్కల నాపరాయి పనిచేసే చోట్ల పక్కన కుప్పలు పోసిన ముక్కలుంటాయి, అడిగితే ఎవరూ కాదనరు. అరచెయ్యంత ముక్కలు మూడు ఏరుకో. గరుకు వైపు పైకి, నున్నటి వైపు మట్టికి. పాదంతో ఒక్కొక్కటీ గట్టిగా తొక్కి, దాని మీద ట్రైపాడ్ కాలు పెట్టు. నా బండి డిక్కీలో ఆ మూడు ముక్కలు ఏడేళ్లుగా ఉన్నాయి, అంచులు అరిగి గుండ్రబడ్డాయి.

మూడోది నువ్వు ఊహించనిది, ఎండ. పగలంతా కాగిన నేల సాయంత్రం వేడి కక్కుతుంటుంది, ఆ వేడి గాలి పొరలు వణుకుతుంటాయి. రెండు కిలోమీటర్ల దూరం నుంచి పెద్ద లెన్స్‌తో తీస్తే ఆ వణుకంతా ఫొటోలో పేరుకుని అలుక్కుపోతుంది. ట్రైపాడ్ రాయిలా ఉన్నా అంతే. మార్చి నుంచి జూన్ దాకా దీన్ని ఎవరూ ఏమీ చెయ్యలేరు. దగ్గరికి పోవాలి, లేదా మంచి వాన పడి నేల చల్లబడిన మర్నాడు పోవాలి. ఎండాకాలంలో ఇంకో ఇబ్బంది కూడా ఉంది, సెన్సర్ వేడెక్కి ఎర్ర, నీలి చుక్కలు పడతాయి. కెమెరాలో లాంగ్ ఎక్స్‌పోజర్ నాయిస్ రిడక్షన్ అని ఉంటుంది, అది ప్రతి ఫొటో తర్వాత అంతే సేపు మూతపెట్టినట్టు ఇంకో ఫొటో తీసి ఆ చుక్కలు తీసేస్తుంది. మంచిదే, కానీ ఉన్న పదిహేను నిమిషాల్లో సగం తినేస్తుంది. పది సెకన్ల లోపు ఫొటోలకు దాన్ని ఆపేయి.

రంగుల గురించి కూడా అడిగావు, అంతా పసుపుపచ్చగా వస్తోందని. పాత సోడియం దీపాల పసుపు వేరే జాతి. దాని వెలుగంతా దాదాపు ఒకే రంగు దగ్గర పోగై ఉంటుంది, కాబట్టి వైట్ బ్యాలెన్స్ (తెలుపు ఏదో కెమెరాకు చెప్పే సెట్టింగు) ఎంత తిప్పినా ఆ దీపం కింద నీలం, పచ్చ రంగులు పుట్టవు. దాన్ని తెల్లగా మార్చాలని చూసే కొద్దీ ఆకాశం ఊదారంగుకు పోతుంది. ఇప్పుడు చాలా చోట్ల సగం ఎల్‌ఈడీలు, సగం సోడియం. నేను రా ఫైలులో (కెమెరా ఏ మార్పూ చెయ్యని ఫైలు) తీసి, వైట్ బ్యాలెన్స్ 3400, 3600 కెల్విన్ మధ్య పెడతాను. ఎల్‌ఈడీ చల్లగా, సోడియం వెచ్చగా, ఆకాశం నీలంగా ఉంటుంది, ఏదీ ఏదాన్నీ మింగదు. ఆ పసుపును పసుపుగానే ఉండనివ్వు. మన చిన్నప్పటి నుంచి రాత్రి బస్సులో పోతూ చూసిన ఫ్యాక్టరీ రంగు అదే కదా.

దీపాల చుట్టూ నక్షత్రం గీతలు కావాలంటే ఎఫ్ 11. లెన్స్ లోపల అపర్చర్ రేకులు ఏడుంటే పద్నాలుగు గీతలు, ఆరుంటే ఆరే. బేసి సంఖ్య అయితే రెట్టింపు అవుతాయి.

చీకట్లో కెమెరా వెనక తెరను నమ్మొద్దు. కన్ను చీకటికి అలవాటు పడ్డాక తక్కువ వెలుగు ఫొటో కూడా ధగధగలాడుతూ కనిపిస్తుంది, ఇంటికొచ్చి కంప్యూటర్లో తెరిస్తే బొగ్గులా ఉంటుంది. తెర వెలుతురు తగ్గించుకుని హిస్టోగ్రామ్ (చీకటి నుంచి వెలుగు దాకా ఏది ఎంతుందో చూపే గ్రాఫ్) చూడు. దీపాల మధ్య భాగం తెల్లగా కొట్టుకుపోయినా పర్వాలేదు, దీపం దీపమే. దీపం పక్కన గోడ మాత్రం తెల్లబడకూడదు. అనుమానంగా ఉంటే ఒకే ఫ్రేము మూడు రకాలుగా తీసుకో, ఒకటి లైట్లకు, ఒకటి ఆకాశానికి, ఒకటి మధ్యస్తంగా. తర్వాత చేత్తో లేయర్లు వేసి కలుపుకో. ఆటోమేటిక్ హెచ్‌డీఆర్ (ఆ ఫొటోలను కెమెరాయే కలిపేయడం) జోలికి పోకు, పొగ మూడు ఫొటోల్లో మూడు చోట్ల ఉంటుంది కాబట్టి మూడు దయ్యాల్లా కలిపేస్తుంది.

పూర్తి చీకటి పడ్డాక లారీల లైట్ల గీతల కోసం ముప్పై సెకన్లు కావాలనుకుంటే, ప్రతిసారీ తీసి చూసి టైం పాడుచేసుకోకు. ఐఎస్‌ఓ 3200లో ఒక్క సెకను తీసి ఫ్రేము, వెలుగు సరిచూసుకో. అది బాగుంటే ఐఎస్‌ఓ 100లో 32 సెకన్లు అదే వెలుగు ఇస్తుంది.

చోట్ల విషయానికొస్తే, ఎర్రగుంట్లకే అంటుకుపోకు. ముంబై, చెన్నై రైలు మార్గంలో తాడిపత్రి, కొండాపురం, ముద్దనూరు, ఎర్రగుంట్ల వరసగా వస్తాయి, ఒకసారి సాయంత్రం ప్యాసింజర్ ఎక్కి కిటికీ పక్కన కూర్చుని చూసుకుంటూ పో, ఏ మిట్ట మీంచి ఏం కనిపిస్తుందో తెలిసిపోతుంది. ఎర్రగుంట్లకూ ముద్దనూరుకూ మధ్య ఆర్టీపీపీ, అంటే రాయలసీమ థర్మల్ పవర్ ప్లాంట్ ఉంది, 1994లో మొదటి యూనిట్ మొదలైంది, ఇప్పుడు 1650 మెగావాట్ల స్టేషన్. దానికి దూరంగా పబ్లిక్ రోడ్డు మీంచే చూడు, చిమ్నీల కంటే అక్కడి నుంచి నాలుగు దిక్కులకూ పోయే హైటెన్షన్ టవర్ల వరస నీలి వెలుగులో నాకు ఎక్కువ నచ్చుతుంది. అనంతపురం వైపు రామగిరి కొండల మీద గాలిమరలున్నాయి. వాటికి లెక్క వేరు, నిమిషానికి పదిహేను చుట్లు తిరిగే మర ఒక్క సెకనులో పావు చుట్టు తిరుగుతుంది, పాత చిన్న మరలు ఇంకా వేగం. అర సెకనులో విసనకర్రలా బాగుంటుంది, పది సెకన్లిస్తే రెక్కలే మాయమై కంబం ఒక్కటే మిగులుతుంది. కర్నూలు పక్కన ఓర్వకల్లు దగ్గర వెయ్యి మెగావాట్ల సోలార్ పార్కు ఉంది, అక్కడ తీయాల్సింది పలకల్లో పడే ఆకాశాన్ని, అది సూర్యుడు మునిగిన పది నిమిషాల్లోపే అయిపోతుంది.

వదిలేసిన నాపరాయి గుంతల్లో వాన నీళ్లు నిలిచి అద్దంలా ఉంటాయి. ఫ్యాక్టరీ నీడ వాటిలో పడే చోట్లున్నాయి, నా మంచి ఫొటోల్లో రెండు అలాంటి చోటే తీసినవి. కానీ చాలా గుంతలకు గట్టు ఉండదు, కంచె ఉండదు, రాయిని నిలువునా కోసేసి ఉంటారు, అంచున ఉన్న పలక కింద ఏమీ లేకపోవచ్చు. పగలు పోయి నడిచి చూసుకోకుండా, ఒక్కడివే, చీకటి పడ్డాక మాత్రం పోనే వద్దు. ఈ మాట గట్టిగా చెప్తున్నాను. గట్ల మీద రక్తపింజరి తిరిగే వేళ కూడా అదే, బూట్లు వేసుకో, టార్చి నేల మీదికే వెయ్యి.

సెక్యూరిటీ వాళ్లు నిన్ను తరిమారని రాశావు. నాకూ జరిగింది. చాలా ఏళ్ల కిందట, ఒక ప్లాంటు వెనక గోడ పక్కన లారీలు తిరిగే దారిలో ట్రైపాడ్ వేశాను. గార్డు బండి మీద వచ్చి, "యా ఊరప్పా మీది? ఈడ ఫొటోలు తీయగూడదని తెలీదా?" అని గేటు దగ్గరికి పిల్చుకుపోయి గంటసేపు కూర్చోబెట్టారు, కార్డులో ఉన్నవన్నీ తుడిపించారు. ఆ రోజు ఆకాశం మళ్లీ నాకు దొరకలేదు. కానీ తప్పు నాదే, అది వాళ్ల దారి, అడగకుండా నిలబడ్డాను. అప్పటినుంచి మొదటి రోజు కెమెరా లేకుండా పోతాను. గేటు దగ్గర షిఫ్టులో ఉన్న సూపర్‌వైజర్‌తో మాట్లాడి, ఇంతకుముందు తీసినవి ప్రింట్లు చూపించి, ఎక్కడ నిలబడతానో చెప్తాను. వద్దంటే వద్దు. ఫొటోలు నిషేధం అని బోర్డు ఉన్న చోట వాదించకు. డ్రోన్ ఎగరేయొద్దు. ఎదురుగా ఉన్న టీ బంకు ఆయనతో పరిచయం పెంచుకో, ఏ గార్డు ఏ పూట ఉంటాడో, ఏ టైముకు సిమెంటు పొడి మోసే బల్కర్ లారీలు వరసగా బయల్దేరతాయో ఆయనకు తెలిసినంత ఎవరికీ తెలియదు. ఒక బంకులో నేనిచ్చిన ప్రింటు ఇప్పటికీ బిస్కెట్ల సీసాల వెనక అంటించి ఉంది, దాన్ని చూపిస్తే కొత్త గార్డులు కూడా ఊరుకుంటారు.

ఇంకొకటి. ఆ చిమ్నీల పక్కనే ఊళ్లున్నాయి. మిద్దెల మీద, వేపాకుల మీద బూడిద రంగు పొర నువ్వు చూసే ఉంటావు. ఆ ఊళ్లలో సగం మందికి అన్నం పెట్టేదీ ఆ ఫ్యాక్టరీయే. నీ మూడు ఫొటోల్లోనూ ఒక్క ఇల్లు లేదు, ఒక్క మనిషి లేడు, కావాలని పక్కకు తప్పించినట్టుంది. ఒకసారి ఊరిని ముందు పెట్టి తీయి. వాకిట్లో బల్బు, దాని వెనక చిమ్నీ ఎర్ర దీపం, రెండూ ఒకే ఫ్రేములో. మిద్దె ఎక్కుతామని అడిగితే మన పక్క ఎవరూ పొమ్మనరు, కాఫీ ఇచ్చి మరీ ఎక్కిస్తారు. షిఫ్టు దిగి సైకిల్ మీద వచ్చే మనిషి నాలుగు సెకన్ల ఎక్స్‌పోజర్‌లో కనపడడు, ఒక్క నిమిషం ఆగి కదలకుండా నిలబడమని అడుగు. అలా నిలబడ్డ ఒక పెద్దాయన ఊపిరి బిగబట్టి మరీ నిలబడ్డాడు, షట్టర్ మూసుకున్న చప్పుడు విన్నాకే వదిలాడు. ఆ ఫొటోలో ఆయన చుట్టూ పొగ కదిలింది, సైకిల్ హ్యాండిల్ మీద వేళ్లు మాత్రం చెక్కినట్టు వచ్చాయి.

చివరగా దుమ్ము. సిమెంటు దుమ్ము పడ్డ లెన్స్‌ను బట్టతో తుడవొద్దు, గీతలు పడిపోతాయి. నోటితో ఊదొద్దు, తడి తగిలితే అది పేస్టులా అంటుకుంటుంది. రబ్బరు బ్లోయర్‌తో కొట్టు, మెత్తటి బ్రష్‌తో దులుపు, ఆ తర్వాతే బట్ట. లెన్స్ మార్చాల్సి వస్తే ఇంటి దగ్గరే మార్చుకుని పో. వచ్చే శనివారం నాలుగున్నరకే బయల్దేరి, ఐదుంబావుకల్లా ట్రైపాడ్ వేసి ఫోకస్ కట్టేసుకుని, ఆరు నుంచి ఆరుంబావు దాకా ప్రతి రెండు నిమిషాలకూ ఒకటి తీయి, ఫ్రేము కదపకుండా. పొగ లెక్క కాగితం మీద రాసుకో. ఆ ఏడెనిమిది ఫొటోలు ఎడిట్ చెయ్యకుండా, టైములతో సహా ఇక్కడే పెట్టు, ఏది ఎందుకు బాగుందో ఒక్కొక్కటీ చూసి చెప్తాను.